దుబాసీ వియ్యంకుడు

మా వియ్యంకుడు అస్కర్‌గారు మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజే నేను ఆయన్ని మూడుసార్లు వెళ్ళిపొమ్మన్నానట. నాకేం తెలుసు? స్టీలు గ్లాసు నిండా, అంచు దాకా, మీగడ తేలేలా టీ పోసి చేతికిచ్చాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, నోరు కాలుతున్నా గటగటా తాగేసి, లేచి నిలబడి తన సంచీ ఎక్కడుందా అని చూశారు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

కోడలు ఐగుల్ వంటింట్లోకి వచ్చి నవ్వాపుకోలేక చెప్పింది. "అత్తయ్యగారూ, మా దేశంలో కావలసిన చుట్టానికి టీ సగమే పోస్తామండి. అది అయిపోతే మళ్ళీ సగం. అలా పోస్తూ కూర్చోబెడతాం. నిండా పోశామంటే ఇంక బయల్దేరండి అని అర్థమండి."

"చాల్లే, ఇదేం మర్యాదే! సగం గ్లాసిస్తే మా వైపు మొహం మీదే ఉమ్ముతారు. మీ నాన్నగారికి చెప్పు, ఈ ఇంట్లో అన్నీ నిండానే పోస్తామని" అన్నాను.

ఐగుల్ వెళ్ళి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుపోయేలా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

మా అబ్బాయి సురేష్‌బాబు డాక్టరీ చదవడానికి వెళ్ళిన దేశం పేరు చివర స్తాన్ అని వస్తుంది. ముందున్నది నాకు ఇప్పటికీ నోరు తిరగదు. చుట్టూ మంచుకొండలేనట, సముద్రం చుక్క లేదట. వాడు ఆరేళ్ళు చదివి, పట్టాతో పాటు ఈ పిల్లనీ తెచ్చుకున్నాడు. పెళ్ళి అక్కడే అయిపోయింది. అంతర్వేది పక్క ఊళ్ళో ఎండుచేపల వ్యాపారం చేసుకునే దాన్ని నేను, నాకు పాస్‌పోర్టెక్కడిది? ఫోనులోనే అక్షింతలు వేశాను. పిల్ల మాత్రం బంగారం. ఏడాది తిరిగేసరికి మాకంటే ఎక్కువ అండీ అండీ అంటూ తెలుగు మాట్లాడేస్తోంది.

అయినా ఊరి నోరు మూతపడుతుందా? ఎదురింటి మరిడమ్మ నాలుగేళ్ళుగా అదే పాట. "పిల్లకి వంక పెట్టక్కర్లేదు వీరవేణమ్మా. కాకపోతే, అమ్మా నాన్నా అంటూ ఎవరైనా ఉన్నారా అని. ఒక్కరంటే ఒక్కరు గుమ్మం తొక్కలేదు కదా." విన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. అందుకని, జులైలో గోదావరికి వరద ఎర్రనీరు తగిలిన శుక్రవారం నాడు, తెల్లటి ఉన్ని టోపీ పెట్టుకుని ఆయన కారు దిగేసరికి నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఐగుల్ ఆ సంబరం మీద నీళ్ళు పోసింది. నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"నాన్న ఇక్కడున్నట్టు ఎవరికీ తెలియకూడదండి. గురువారం అమ్మ విమానం ఎక్కేదాకా."

"ఏమే, ఏం తప్పు చేశారు?"

"తప్పేం చెయ్యలేదండి. మా దేశం నాకంటే నాలుగేళ్ళే పెద్దది. అది పుట్టిన దగ్గర్నుంచీ అమెరికా రాయబారి ఎవరొచ్చినా, మా మంత్రులతో ఏం మాట్లాడినా, మధ్య కుర్చీ నాన్నదేనండి. వాళ్ళ మాట వీళ్ళకి, వీళ్ళ మాట వాళ్ళకి చెప్పేది ఆయనే."

"దుబాసీ అన్నమాట."

"ఆయ్, అదేనండి. మొన్న ఎన్నికల్లో కొత్తవాళ్ళొచ్చారు. అమెరికాతో చెడింది. ఒప్పందాలు రద్దు చేశారు. పాతవాళ్ళు దేశాన్ని అమెరికాకి అమ్మేశారని కేసు పెట్టారు. ఆ గదుల్లో ఎవరు ఏమన్నారో మొదట్నుంచీ విన్న మనిషి నాన్న ఒక్కరే. అమ్మేశారని సాక్ష్యం చెప్పమంటున్నారండి. అనని మాట అన్నారని ఎలా చెప్పను అంటారీయన. అలాగే సాక్ష్యం చెప్పనన్న ఇంకో ఆఫీసరుని మార్చిలో తీసుకెళ్ళారు. ఇంతవరకూ ఇంటికి రాలేదు."

మోకాళ్ళ నొప్పులకి కొండల్లో వేడినీళ్ళ వైద్యం చేయించుకుంటున్నానని చెప్పి ఈయన దొడ్డిదారిన ఇండియా వచ్చేశారట. ఇద్దరూ ఒకేసారి కదిలితే అనుమానం వస్తుందని ఆవిడ, రోజాగారు, ఇంట్లోనే ఉండిపోయారు. ఆవిడ ఫోనులో మాట్లాడరు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి తన టీ గిన్నె ఫోటో ఒకటి పంపుతారు. చక్కెర లేని ఎర్రటీ, పువ్వుల గిన్నె, కిటికీ పక్క బల్ల. నేను క్షేమం అని దానర్థం.

"ఎవరికీ చెప్పను. గంగమ్మతల్లి మీద ఒట్టు" అన్నాను.

శనివారం నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఆదివారం కూడా. మరిడమ్మ వచ్చి "ఎవరో చుట్టాలొచ్చినట్టున్నారు?" అంటే "అబ్బాయి స్నేహితుడు" అని అబద్ధమాడాను. ఆవిడ పెదవి విరిచి వెళ్ళింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వియ్యంకుడు మొదటిసారి గడప తొక్కితే అయినవాళ్ళని పిలిచి ఒక్కపూట విస్తరి వెయ్యకుండా, దొంగని దాచినట్టు దాచడమా? ఎక్కడో దేశంలో ఉన్న భయం అక్కడే ఉంటుంది, నా పరువు ఇక్కడ ఎదురింటి అరుగు మీద ఉంది. అప్పుడు నేను ఇలాగే ఆలోచించాను. దాచి లాభం లేదు.

మా తమ్ముడు పల్లంరాజుకి ఒక్కడికే చెప్పాను. తోడబుట్టినవాడు 'ఎవరికీ'లోకి ఎలా వస్తాడు? వాడు పెళ్ళానికి చెప్పాడు. ఆ అమ్మాయి పుట్టింటివాళ్ళకి చెప్పింది. వాళ్ళంతా మనవాళ్ళే. సోమవారం సురేష్, ఐగుల్ రోజాగారి టిక్కెట్టు పని మీద రాజమండ్రి వెళ్ళారు. మధ్యాహ్నానికి మా హాల్లో పద్నాలుగు మంది మనవాళ్ళు. అరిటాకు చాలక రెండు ఆకులు కలిపి వేశాం. పులస పులుసు, రొయ్యల ఇగురు, పీతలు, పనసపొట్టు కూర, ఆత్రేయపురం పూతరేకులు, కాజాలు, ఆవడలు. యాభై నాలుగు రకాలు. మరిడమ్మని నేనే వెళ్ళి పిలిచాను. "మా వియ్యంకుడు" అని చేయి చూపించి చెప్పాను. ఆ క్షణాన నా కడుపు చల్లబడింది.

ఆకంతా చూసి ఆయన మొదట నవ్వబోయారు. అంతలో పల్లంరాజు ఫోను పైకెత్తాడు.

ఆయన చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "వద్దండి" అన్నారు. మూడు రోజులుగా నేను పెట్టే తిండికి తట్టుకోలేక ఐగుల్ దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట అది. అందరం గొల్లుమన్నాం. మా వైపు వద్దంటే ఇంకో రెండు గరిటెలు వేస్తారు, వద్దన్నవాడికి వెయ్యకపోతే అది వడ్డనే కాదు. మా మరదలు ఇగురు వేసింది. నేను నెయ్యి పోశాను. "వద్దండి, వద్దండి" అంటూ ఆయన టోపీ కళ్ళ మీదికి లాక్కున్నారు. "సిగ్గేంటండీ బావగారూ, ఇటు చూడండి!" అని పల్లంరాజు వంగి మరీ వీడియో తీశాడు. ఆయన ఇంగ్లీషులో గబగబా ఏదో అన్నారు, ఆ గోలలో ఎవరికి వినపడింది? లేవబోయారు. నేను భుజం మీద చెయ్యి వేసి నొక్కి కూర్చోబెట్టాను. "తినకుండా లేస్తే మా మీద ఒట్టే, అన్నయ్యగారూ!"

ఆ భుజం నా చేతి కింద వణికింది. ఆయాసం అనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఐగుల్ కారు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. దారిలో సురేష్ ఆస్పత్రి నర్సు పంపిందట, "మీ ఇంటి వీడియోనే కదా మేడమ్" అని. పల్లంరాజు దాన్ని నెట్‌లో పెట్టాడు. పైన పేరు కూడా రాశాడు, వద్దువద్దన్నా వదలని గోదావరి మర్యాద, విదేశీ వియ్యంకుడు అస్కర్‌గారికి యాభై నాలుగు రకాల విందు అని. ఊరి పేరుతో సహా. అప్పటికే రెండు లక్షల మంది చూశారు.

ఐగుల్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "ఎవరికీ చెప్పనన్నారు కదండీ అత్తయ్యగారూ" అంది, అంతే.

"మనవాళ్ళే కదే... మనవాళ్ళే..." అన్నాను. ఆ మాట నా చెవికే సిగ్గుగా వినిపించింది.

పల్లంరాజు వెంటనే దాన్ని తీసేశాడు. తీసేస్తే పోతుందా? రాజమండ్రి పేజీవాడొకడు, భీమవరంవాడొకడు, టీవీ చానెల్‌వాడొకడు, అప్పటికే అందరూ పెట్టుకున్నారు. ఫోన్లు చేసి బతిమాలాం. "ఏంటండీ, పాజిటివ్ వీడియోనే కదా, మీకే పేరు" అన్నాడు ఒకడు. ఆరింటికి ఐదు లక్షలు. అస్కర్‌గారు ఫోను అడిగి తీసుకుని, కింద జనం రాసినవి ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూశారు. తెలుగు, ఇంగ్లీషు, నవ్వు బొమ్మలు, దండాలు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ వాళ్ళ లిపిలో ఒక్క వరుస ఉంది.

ఐగుల్ చదివింది. సురేష్ అడిగితే అప్పుడు చెప్పింది. "మోకాళ్ళు తగ్గినట్టున్నాయి, అస్కర్‌గారూ. భోజనం కానివ్వండి. రోజాగారికి మేం తోడుంటాం."

మంగళవారం ఎనిమిదింటికి మేం నలుగురం ఫోను చుట్టూ కూర్చున్నాం. ఎనిమిదీ అయిదు. ఎనిమిదీ పది. నేను మొక్కని దేవుడు లేడు. ఎనిమిదింపావుకి ఫోటో వచ్చింది. హమ్మయ్య అని నా ప్రాణం లేచొచ్చింది.

ఐగుల్ మొహం పాలిపోయింది. "రెండు గిన్నెలున్నాయండి" అంది.

చూశాను. అదే బల్ల, అదే కిటికీ. ఆవిడ గిన్నెలో సగం టీ. ఎదురుగా ఇంకో గిన్నె, అంచు దాకా నిండి ఉంది. ఆ గిన్నె వెనక నల్ల కోటు చెయ్యి కొద్దిగా పడింది ఫోటోలో.

ఎవరూ నాకు విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. ఇంట్లో ఒకడు కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళిపొమ్మంటోంది. వాడు వెళ్ళడంలేదు.

ఆ రోజంతా మా గేటు చప్పుడైతే చాలు, గుండె గుభేలుమనేది. పదకొండింటికి ఎవరో బైకు ఆపి "ఫారిన్ వియ్యంకుడి ఇల్లు ఇదేనాండి?" అని అరిచాడు. అస్కర్‌గారు గదిలో మంచం వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. అంత పొడుగు మనిషి, అరవై ఏళ్ళ మనిషి. వాడు తీరా చూస్తే సెల్ఫీ కోసం అమలాపురం నుంచి వచ్చినవాడు. చీపురుకట్ట తిరగేసి తరిమాను. వాడి వెనక ఇంకో ఇద్దరు. అందులో ఎవడు ఉత్త వెధవో, ఎవడు ఎవరు పంపగా వచ్చినవాడో ఎలా తెలుస్తుంది? నా ఇల్లు నేనే చూపించి, నా గుమ్మం నేనే తెరిచిపెట్టాను.

సురేష్ ఒక మాట అన్నాడు. "మామయ్యగారూ, ఇన్నేళ్ళు అమెరికావాళ్ళకి పనిచేశారు కదా, వాళ్ళ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. వెళ్ళి అడుగుదాం."

ఆయన తల అడ్డంగా ఊపారు. ఐగుల్ తెలుగులో చెప్పింది. "నేను వాళ్ళకి పనిచెయ్యలేదు, మధ్యలో కూర్చున్నాను అంటున్నారండి. ఇప్పుడు వాళ్ళ గుమ్మం ఎక్కితే వీళ్ళు నా మీద చెప్పిందంతా నిజమైపోతుంది. అప్పుడు రోజాని అసలే వదలరు అంటున్నారు."

పెద్ద దేశాల సంగతి నాకేం తెలుసు? టీవీలో ఇద్దరు కోట్లు వేసుకుని చేతులు కలుపుతారు, వెనకాల జెండాలుంటాయి. ఆ ఇద్దరి మధ్య కాస్త వెనగ్గా వంగి కూర్చునే మనిషిని నేను ఏనాడూ చూడలేదు. వాళ్ళ చేతులు విడిపోతే, నలిగేది వాడని ఆ రోజే తెలిసింది.

బుధవారం ఫోటో రాలేదు. తొమ్మిదింటికి రోజాగారి నంబరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది మగగొంతు. మర్యాదగా, మెల్లగా, మా బ్యాంకు మేనేజరు మాట్లాడినట్టుంది. ఫోను అస్కర్‌గారి చేతిలో ఉంది. వింటూ వింటూ గోడకి ఆనుకున్నారు. పెట్టేశాక, అలవాటు ప్రకారం కాబోలు, విన్నదంతా మాట పొల్లుపోకుండా కూతురికి అప్పజెప్పారు. కూతురు ఏడుస్తూ మాకు చెప్పింది.

"అమ్మకి టిక్కెట్టుంది, ఆమెని ఎవరూ ఆపరు అన్నాడండి. గురువారం పొద్దున్న మీరు ఇక్కడ దిగండి, మధ్యాహ్నం ఆమె ఎక్కుతుంది అన్నాడు."

"వద్దు!" అన్నాను నేను. "వద్దని చెప్పవే! ఎవడో ఫోను చేస్తే వెళ్ళిపోతారా? ఇంకేదైనా చూద్దాం, పోలీసులకి చెబుదాం, ఢిల్లీలో చెబుదాం. వద్దండీ అన్నయ్యగారూ, వద్దు!"

ఆయన నా వైపు చూశారు. ఆ మాట ఆయనకి వచ్చు కదా. కానీ ఆగలేదు, గదిలోకి వెళ్ళి సంచీ సర్దుకున్నారు.

సాయంత్రం రాజమండ్రి నుంచి ఢిల్లీ విమానం. రెండింటికి కారొస్తుంది. ఒంటిగంటకి అన్నం తినమన్నాను. ఐగుల్ అడిగి వచ్చి, "టీ ఒక్కటి చాలన్నారండి" అంది. ఇదివరకైతే ఊరుకునేదాన్నా? కంచం ముందుకు తోసేదాన్ని. ఆ రోజు మారుమాట్లాడకుండా వెళ్ళి నీళ్ళు పెట్టాను. పాలు పొయ్యలేదు, చక్కెర వెయ్యలేదు. గ్లాసు వద్దని చిన్న గాజు గిన్నె వెతికాను. అందులో సగం పోసి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

ఆయన గిన్నె వైపు చూశారు. తర్వాత తాగి, ఖాళీ గిన్నె నా వైపు జరిపారు. మళ్ళీ సగం పోశాను. తాగారు, జరిపారు. మళ్ళీ పోశాను. నా కళ్ళనీళ్ళు ఆగడంలేదు, కెటిల్ మూత టకటకా కొట్టుకుంటోంది. ఆరోసారి పోస్తుంటే బయట కారు హారను మోగింది. కెటిల్‌లో ఇంకా టీ ఉంది. ఆయన లేచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని నాకు తల వంచారు. నేనేమో ఆ భుజం పట్టుకుని నొక్కి కూర్చోబెట్టాలని చెయ్యి ఎత్తి, దించేసుకున్నాను.

రోజాగారు శుక్రవారం సాయంత్రం వచ్చారు. మాట తప్పలేదు వాళ్ళు. చిన్న సంచీ, పువ్వుల గిన్నె ఒకటి గుడ్డలో చుట్టి. సన్నగా, రెల్లుపుల్లలా ఉన్నారు. వాళ్ళిద్దరూ ఒకే విమానాశ్రయంలో నాలుగు గంటల తేడాతో ఉన్నారట, చూసుకోనివ్వలేదట. నేను కాళ్ళ మీద పడబోతే పట్టుకుని లేపారు. తప్పు చేసింది నేనని ఆవిడకి ఐగుల్ చెప్పిందో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యం లేదు.

అప్పట్నుంచి పొద్దున్నే ఎనిమిదింటికి ఆవిడ ఫోను ముందు పెట్టుకుని కూర్చునేవారు. ఏమీ వచ్చేది కాదు. మేం వంటింట్లో గిన్నె చప్పుడు కూడా చెయ్యకుండా ఉండేవాళ్ళం.

పదో రోజున వచ్చింది. ఫోటో కాదు, వీడియో. వాళ్ళ దేశం టీవీది, ఐగుల్ స్నేహితురాలెవరో పంపింది. బల్ల వెనక అస్కర్‌గారు. టోపీ లేదు. దవడ ఒక పక్క వాచినట్టుంది, దీపం వెలుతురో ఏమో. కనపడని మనిషి ఏదో అడుగుతున్నాడు, ఈయన ఒక్కొక్క మాటే జవాబిస్తున్నారు. ఈసారి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆయన ముందు టీ గిన్నె ఉంది. అంచు దాకా నిండి ఉంది. ముట్టుకున్నట్టు లేదు.

"ఏమంటున్నారే?" అన్నాను.

"అవును అంటున్నారండి" అంది ఐగుల్. "దేశాన్ని అమ్మేశారా అంటే అవును. నువ్వు సాయం చేశావా అంటే అవును. డబ్బు తీసుకున్నావా అంటే అవును. అడిగినదానికల్లా అవుననే అంటున్నారండి."

వీడియో ఆగిపోయింది. రోజాగారు ఫోను బోర్లించి పెట్టి, నా వైపు తిరిగి మెల్లగా ఏదో అడిగారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను నేరుగా అడిగిన మొదటి మాట.

"నాన్న ఇక్కడున్న రోజుల్లో కడుపునిండా తిన్నారా అని అడుగుతోందండి అమ్మ" అంది ఐగుల్.

నా చెయ్యి వైపు చూసుకున్నాను. "తిన్నారని చెప్పవే. ఇష్టంగా, అడిగి అడిగి తిన్నారని చెప్పు" అన్నాను.

ఐగుల్ నన్ను చూసింది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి వాళ్ళ భాషలో చెప్పింది. ఏమని చెప్పిందో నాకు తెలియదు.